పక్షవాతం ఏ వైపు వచ్చిందో చూసి మనిషితో మెలిగే పద్ధతి

పక్షవాతం వచ్చిన మనిషిని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాక, మా కావలి ప్రాంతంలో చూడవచ్చినవాళ్లందరూ మొదట అడిగేది "కాలూ చెయ్యీ ఏ వైపు పడిపోయాయి?" అనే. ఆ ప్రశ్నకు ఎంత విలువ ఉందో అడిగేవాళ్లకూ చెప్పేవాళ్లకూ చాలాసార్లు తెలియదు. మెదడు నుంచి కండరాలకు ఆజ్ఞలు మోసుకెళ్లే నరాల పోగుల్లో అధిక భాగం, వెన్నుపాము మొదలయ్యే చోటికి కాస్త పైన ఒక వైపు నుంచి రెండో వైపుకు దాటిపోతాయి. అందువల్ల కుడి కాలూ చెయ్యీ పడిపోతే దెబ్బ సాధారణంగా మెదడు ఎడమ అర్ధగోళంలోనూ, ఎడమవి పడిపోతే కుడి అర్ధగోళంలోనూ తగిలిందని అర్థం. ఈ రెండు సగాలూ చూపుకు ఒకే తీరుగా ఉన్నా చేసే పనుల్లో తేడా ఉంది కనుక, ఈ ఇద్దరు రోగులతో మెలగవలసిన పద్ధతి కూడా ఒకటి కాదు. మా నాయనకు ఎడమ వైపు పడిపోయినప్పుడు ఈ సంగతి తెలియక రెండు నెలలపాటు ఆయనను అన్యాయంగా కసురుకున్నాము. మరో ఇంట్లో అలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక మాట చెప్పాలి. మూతి వంకర పోయినా, చెయ్యి వాలిపోయినా, మాట తడబడినా నాటు మందు కోసం బయలుదేరకుండా వెంటనే 108కి ఫోన్ చేసి, మనిషి చివరిసారి బాగున్న సమయాన్ని కాగితం మీద రాసి పెట్టుకోండి. రక్తపు గడ్డను కరిగించే సూదిమందును సాధారణంగా లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపే ఇస్తారు. పల్లె నుంచి నెల్లూరుకో ఒంగోలుకో చేరే ప్రయాణమూ, స్కాన్ తీసే సమయమూ ఆ గంటల్లోనే ఇమడాలి.

కుడి వైపు పడిపోయినవాళ్లకు తరచుగా మాట కూడా పడిపోతుంది. 1861లో పారిస్ వైద్యుడు పాల్ బ్రోకా, "టాన్" అనే ఒక్క శబ్దం తప్ప మరేమీ పలకలేని రోగి చనిపోయాక అతని మెదడును పరిశీలించి, ఎడమ సగంలో ముందు భాగాన దెబ్బ ఉన్నట్టు చూపాడు. కుడిచేతి వాటం ఉన్నవాళ్లలో సుమారు 95 శాతం మందికి భాష ప్రధానంగా ఎడమ సగంలోనే ఉంటుంది. మాట రాకపోవడమంటే బుద్ధి పోవడం కాదని ఇంటిల్లిపాదీ మొదట గ్రహించాలి. ఆ మనిషి ఎదుటే ఆయన గురించి పక్కవాళ్లతో మాట్లాడటం మానాలి. ఒకసారికి ఒకే చిన్న ప్రశ్న అడగండి, గట్టిగా అరవకండి, జవాబు కోసం పది లెక్కపెట్టేంతసేపు ఆగండి. "ఏం తింటావు?" అని అడిగే బదులు ఇడ్లీ ఒక చేత్తో, అన్నం గిన్నె మరో చేత్తో చూపించి అడగండి. అవును, కాదు అనే మాటలే తారుమారు కావచ్చు కనుక ముఖ్యమైన సంగతిని తిప్పి అడిగి నిర్ధారించుకోండి. చాలామంది పలక ఇచ్చి రాయమంటారు గానీ, భాషే దెబ్బతిన్నప్పుడు రాత కూడా దెబ్బతింటుంది. రాత చక్కగా ఉండి పలుకు మాత్రమే ముద్దగా వస్తుంటే అది నోటి కండరాల బలహీనత అయి ఉండవచ్చు, ఆ తేడాను డాక్టరుకు తప్పక చెప్పండి. కొందరికి గడగడా మాటలు వస్తాయి గానీ అర్థం ఉండదు, మనం చెప్పేదీ పూర్తిగా అందదు. అటువంటివారికి సైగలూ వస్తువులూ చూపడం మాటల కంటే మేలు. ఒక్క మాట పెగలని మనిషి కూడా వారాల పేర్లనో, ఏళ్ల తరబడి పాడిన భజన కీర్తననో అందుకోగలగడం ఆశ్చర్యం కలిగిస్తుంది. ఆయనతో కలిసి పాడండి; రాగంతో మాటను రాబట్టే చికిత్స కూడా ఉంది.

ఎడమ వైపు పడిపోయినవాళ్ల సంగతి ఇంతకంటే చిక్కైనది, ఎందుకంటే వాళ్లు చక్కగా మాట్లాడతారు. మా నాయన పళ్లెంలో కుడి సగం అన్నమే తిని, "ఇంకా పెట్టరేం?" అని అడిగేవారు, ఎడమ సగంలో అన్నమూ కూరా అలాగే ఉండేవి. మొండితనమనుకున్నాము. నిజానికి చుట్టూ ఉన్న స్థలాన్ని గమనించే పనిలో కుడి అర్ధగోళానికి పెద్ద వాటా ఉంది. అది దెబ్బతింటే, కన్ను బాగానే ఉన్నా, ఎడమ పక్క లోకమే లేనట్టు అయిపోతుంది. గడ్డం సగమే గీసుకోవడం, పేపరులో వరుసను మధ్య నుంచి చదవడం, గుమ్మానికి ఎడమ భుజం కొట్టుకోవడం, అన్నీ దాని రూపాలే. ఇటువంటివాళ్లకు పళ్లెం సగం తిన్నాక తిప్పి పెట్టండి. మంచినీళ్లూ, పిలిచే గంటా కుడి పక్కన ఉంచండి, అవి అవసరానికి అందాలి. మీరు కూర్చుని కబుర్లు చెప్పే కుర్చీని మాత్రం కొద్దికొద్దిగా ఎడమ పక్కకు జరపండి. పేపరు ఎడమ అంచున ఎర్ర టేపు అంటించి, ప్రతి వరుసకూ ఆ ఎరుపును వెతుక్కోమనండి. తిన్నాక ఎడమ బుగ్గలో ముద్ద నిలిచిందేమో చూడండి. చేపల పులుసు ఎంత ఇష్టమైనా ముళ్లు మీరే పూర్తిగా తీసిపెట్టాలి, దగ్గు వస్తుంటే మింగే శక్తిని పరీక్షించేదాకా పెట్టకూడదు. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టేటప్పుడు ఎడమ చెయ్యి కిందికి వేలాడకుండా దిండు మీద ఉంచండి, ఆ చెయ్యి పట్టుకుని ఎప్పుడూ లాగకండి.

వీరిలో కొందరు తమకు పక్షవాతం వచ్చిందనే ఒప్పుకోరు. 1914లో బాబిన్‌స్కీ అనే వైద్యుడు ఈ లక్షణానికి ప్రత్యేకంగా పేరు పెట్టాడు. అది అబద్ధం కాదు, ఆ ఎరుకే మెదడులో లేదు. కనుక వాదించకుండా, లేచి పడిపోకుండా మనిషిని కాపలా ఉంచడమే చేయవలసింది. గొంతులోని హెచ్చుతగ్గులను బట్టి కోపాన్నీ బాధనూ పోల్చుకోవడం కూడా వారికి కష్టమవుతుంది కాబట్టి, "నాకు బాధగా ఉంది నాయనా" అని విడమరిచి చెప్పండి.

ఎడమచేతి వాటం ఉన్నవాళ్లలోనూ సుమారు 70 శాతం మందికి భాష ఎడమ సగంలోనే ఉంటుంది గానీ, మిగతావారిలో పైన చెప్పినవి తారుమారు కావచ్చు. ఆ వాటం సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. ఎడమ మెదడు లెక్కలకూ కుడి మెదడు కళలకూ అని పిల్లలను విడదీసే మాటలను నమ్మవద్దు. సుమారు 20 కోట్ల నరాల పోగులు రెండు సగాలనూ కలిపి ఉంచుతాయి.

ఎడమ పక్క ఎరుక తిరిగి వస్తున్నదో లేదో తెలుసుకోవడానికి, తెల్ల కాగితం నిండా చిన్న గీతలు చెల్లాచెదురుగా గీసి, ప్రతి గీతనూ కొట్టివేయమని వారానికొకసారి ఇవ్వండి. మా నాయన మొదట కుడి అంచువి మాత్రమే కొట్టారు. మూడో నెలకు కాగితం మధ్య దాటారు. ఆ కాగితాల మీద తేదీలు వేసి, తర్వాతిసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మందుల చీటీతో పాటు తీసుకెళ్లండి.