ఘాట్ రోడ్డులో కారు అద్దం మసకబారితే ఏం చేయాలి?

వైజాగ్‌లో ఉండేవాళ్లకి కారు హీటర్‌తో పనేంటని నేనూ అనుకునేవాణ్ణి. డిసెంబరులో ఓ తెల్లవారుజామున అరకు బయల్దేరాం. కారులో ఐదుగురం. అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే ముందు అద్దం పాలు పోసినట్టు తెల్లబడింది. గుడ్డతో తుడిచాం, రెండు మలుపులు తిరిగేసరికి మళ్లీ అంతే. పొగమంచు లోపలికి వచ్చిందనుకున్నాం. కాదు, మా ఊపిరిలోని తేమే చల్లటి అద్దానికి పట్టేసింది.

ముందుగా, గాలిని లోపలే తిప్పే బటన్ ఆపండి. కారు బొమ్మలో వంకీ తిరిగిన బాణం ఉంటుందే, అదే. దుమ్ముకి, ఎండకి భయపడి మనం దాన్ని ఏడాదంతా ఆన్‌లోనే వదిలేస్తాం. అది ఆపితేనే బయటి గాలి వస్తుంది.

తర్వాత గాలిని ముందు అద్దం మీదికి మళ్లించి, ఫ్యాన్ పెంచండి.

ఇప్పుడు నాబ్ ఎరుపు వైపు తిప్పండి. డాష్‌బోర్డు వెనక అరచేతి కంటే కాస్త పెద్ద రేడియేటర్ ఒకటి ఉంటుంది. ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, అక్కడ దాదాపు 90 డిగ్రీలకు కాగి అందులోకి వస్తుంది. చాలా కార్లలో నాబ్ తిప్పగానే లోపల చిన్న తలుపు కదిలి, గాలిని దాని మీదుగా పంపుతుంది. ఎలాగూ వృథాగా పోయే వేడే కాబట్టి పెట్రోలు ఖర్చు భయం లేదు. ఇంజన్ వేడెక్కేదాకా మాత్రం చల్లగాలే వస్తుంది, హీటర్ పాడైందని టెన్షన్ పడకండి.

దాంతోపాటు ఏసీ కూడా వేయండి. చలిలో ఏసీ ఏంటని నవ్వకండి. గాలిలోని తేమ ఏసీ కాయిల్ మీద నీరై కారిపోతుంది. ఎండాకాలం కారు కింద బొట్లు బొట్లుగా పడేవి ఆ నీళ్లే. అలా ఆరిన గాలిని హీటర్ వేడి చేస్తే అద్దం చకచకా తేటపడుతుంది.

వానాకాలం బీచ్ రోడ్డులో కథ తిరగబడుతుంది. ఏసీకి అద్దం చల్లబడి, సముద్రపు తేమ బయటివైపు పడుతుంది. వైపర్ వేస్తే పోయిందా? అయితే అది బయటి తేమే. ఏసీ గాలిని అద్దం మీద నుంచి తప్పించి, చల్లదనం కాస్త తగ్గించండి.

ఫ్యాన్ ఎంత పెంచినా గాలి రాకపోతే గ్లవ్ బాక్స్ వెనక ఉండే ఫిల్టర్ తీసి చూడండి. గాజువాక లారీల మధ్య రోజూ తిరిగే కారైతే అది నల్లగా మారిపోయి ఉంటుంది. కొత్తది పెట్టేటప్పుడు దాని మీది బాణం గుర్తు సరిచూసుకోండి.

హీటర్ వేయగానే తియ్యటి వాసన వచ్చి, అద్దానికి జిడ్డు పొర పడుతుంటే మాత్రం ఆ చిన్న రేడియేటర్ కారుతుందేమోనని అనుమానించాలి. కూలెంట్ తగ్గిందేమో చూసి మెకానిక్‌కి చూపించండి. కూలెంట్ మూత మాత్రం ఇంజన్ చల్లారాకే తియ్యండి.