ఊరు తెలుసుకోవడం - 4: ఏ చౌరస్తా?

వరంగల్‌కు కొత్తగా వచ్చిన మీకు పోయిన పాఠంలో చిన్న పనే ఇచ్చాను. చౌరస్తాకు పోయి కుక్కర్ గ్యాస్కెట్ కొని, అమ్మినాయనతో నాలుగు మాటలు మాట్లాడి రమ్మన్నాను. మీ జవాబుల్లో గ్యాస్కెట్ ఊసే లేదు. అందరిదీ ఒకటే గోస: ఆటో ఎక్కి "చౌరస్తా" అన్నారు, దిగాల్సింది ఒకచోట, దిగింది ఇంకోచోట.

హనుమకొండకు ఒక చౌరస్తా ఉంది, వరంగల్‌కు ఒకటుంది. మధ్యలో అయిదారు కిలోమీటర్లు. బయటివాళ్లకు కాజీపేటతో కలిపి అంతా వరంగల్లే, ఇక్కడివాళ్లకు మాత్రం మూడు ఊళ్లు. హనుమకొండ నైంనగర్‌లో ఉండే మనిషి కూడా "జర వరంగల్ పోయొస్త" అనే అంటాడు. కాజీపేటలో రైలు దిగిన చుట్టం "వరంగల్‌లో దిగిన" అని ఫోన్ చేస్తే, ఇంట్లోవాళ్లు బండేసుకుని వరంగల్ స్టేషన్‌లో ఎదురుచూస్తుంటారు. కాగితాల దగ్గర ఇంకో మెలిక. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లా అయింది, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లా అయింది. చెత్తబండి రాకపోతే అడగాల్సిన కార్పొరేషన్ మాత్రం అందరికీ ఒక్కటే. అందుకే ఇన్‌కం సర్టిఫికెట్‌కు బయలుదేరేముందు మీ ఇల్లు ఏ మండలం కిందికి వస్తుందో ఓనర్‌ను అడగండి. ఆటో ఎక్కేముందు ఊరి పేరు, చౌరస్తా, దాంతోపాటు ఒక గుర్తు చెప్పండి: "హనుమకొండ చౌరస్తా, వేయిస్తంభాల గుడి దిక్కు." మ్యాప్ ఉంది కదా అంటారు. మ్యాప్ దుకాణం దాకా తీసుకుపోతుంది, నిజమే. నోరు విప్పే పనే ఉండదు, అదే నాకు నచ్చదు.

ఇక గిర్ని, అంటే పిండిమర. కిరాణా, పాలు, ఇస్త్రీ సంగతులు చెప్పను, అవి ఎవరికైనా తెలుస్తాయి. పిండి ప్యాకెట్ కొనేవాళ్లకు వాడ సగమే తెలుస్తుందని నా లెక్క. రెండు కిలోల జొన్నలు చెరిగి డబ్బాలో పోసుకుని పోండి. వరుసలో డబ్బా పెడితే చాలు, మీరు అరుగు మీద కూర్చోవచ్చు. మీ ముందువాళ్లు ఏం పట్టిస్తున్నారో మాత్రం చూడండి. శనగలైతే మీ మొదటి గుప్పెళ్లలో శనగపిండి కలుస్తుంది. "అన్నా, ఇంకెవరివన్న జొన్నలున్నయా? వాటెనక పొయ్యి" అనండి. ఆ జొన్నలు తెచ్చిన అక్క తలెత్తి చూస్తుంది. ఇక మీ గల్లీలో నల్లా ఏ పూట వస్తుందో, ఊరికే సూది వేయని డాక్టర్ ఎవరో, అద్దె ఎక్కువ ఇస్తున్నారో లేదో, మీ పిండి వంతు వచ్చేలోగా తెలిసిపోతుంది. ఇంటికొచ్చాక మూత తీసి పెట్టండి. వేడి పిండికి మూత బిగిస్తే చెమ్మ పడుతుంది.

అభ్యాసం: ఆదివారంలోగా ఫోన్ ఇంట్లో పెట్టి కొత్తవాడకు పోండి. అక్కడి జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పోచమ్మ మైదాన్‌లో దిగి, మగ్గం ఆడుతున్న ఇల్లు దొరికేదాకా అడుగుతూ నడవండి. చెప్పేవాళ్లు ఇప్పుడు లేని గుర్తులు కూడా చెబుతారు, కంగారు పడొద్దు. 1934 నాటి ఆజంజాహీ బట్టల మిల్లు మూతపడి ఏళ్లయినా, "మిల్లు కాడ" అనేవాళ్లున్నారు. ఎవరెవరు ఏ గుర్తు చెప్పారో వచ్చాక రాయండి. ఆరు గుర్తులకు తగ్గితే మళ్లీ పోవాలి. జంపఖానా కొనకపోయినా సరే, ధర అడగకుండా రావొద్దు. వచ్చే పాఠం బేరం గురించే.