పెన్‌డ్రైవ్ పెట్టినా విండోసే వస్తోందా? లినక్స్ బూట్ కాకపోతే ఏం చూడాలి?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కని లాప్‌టాప్‌లో ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ వేద్దామని పెన్‌డ్రైవ్ పెడితే, మళ్లీ విండోసే తెరుచుకుంటుంది. టెన్షన్ పడి విశాఖ ద్వారకానగర్ కంప్యూటర్ షాపులకు బయల్దేరకండి. పని ఏ దశలో ఆగిందో ముందు కనిపెట్టండి. అది తెలియకుండా బయోస్‌లో (లాప్‌టాప్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) కనిపించినదల్లా మార్చేయడం వల్లే కొత్త తిప్పలు మొదలవుతాయి.

ముందు ఫైళ్లన్నీ వేరే డ్రైవ్‌లో దాచుకోండి. బిట్‌లాకర్ (డ్రైవ్‌కు విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే దాని 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. సెక్యూర్ బూట్ (నమ్మకమైన డిజిటల్ సంతకం ఉన్న సిస్టమ్‌నే మొదలవనిచ్చే రక్షణ) సెట్టింగ్ మార్చితే విండోస్ ఆ కీ అడగొచ్చు. అప్పుడు కీ లేకపోతే ఆ డ్రైవ్‌లోని డేటా తెరవలేకపోవచ్చు.

ఇప్పుడు లాప్‌టాప్ ఆన్ చేస్తూనే బూట్ మెనూ (ఏ డ్రైవ్ నుంచి మొదలవ్వాలో ఎంచుకునే జాబితా) కీ టకటకా కొట్టండి. డెల్, లెనోవోల్లో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. ఏసర్‌లోనూ ఎఫ్12నే, కానీ చాలా మోడళ్లలో ముందు ఎఫ్2తో బయోస్‌లోకి వెళ్లి ఎఫ్12 బూట్ మెనూను ఎనేబుల్ చేయాలి. కీ అందడం లేదా? విండోస్‌లో షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, ‘యూజ్ ఎ డివైస్’ ఎంచుకోండి. ఫాస్ట్ స్టార్టప్ ఉన్న విండోస్ షట్‌డౌన్ చేసినా పూర్తిగా ఆగదు, అందుకే రీస్టార్టే నయం.

మెనూలో పెన్‌డ్రైవ్ పేరే లేకపోతే మొదట దాని తయారీనే అనుమానించండి. డౌన్‌లోడ్ చేసిన లినక్స్ ఐఎస్‌ఓ ఫైలును ఊరికే కాపీ, పేస్ట్ చేస్తే సాధారణంగా బూట్ అవదు. రూఫస్ లేదా బలేనా ఎచర్ ప్రోగ్రామ్‌తో రాయాలి, పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. రూఫస్‌లో జీపీటీ, యూఈఎఫ్‌ఐ (కొత్త లాప్‌టాప్‌ల బూట్ పద్ధతి) ఎంచుకోండి. బాగా పాత మెషీన్ అయితే పాత పద్ధతి ఎంబీఆర్. లినక్స్ రకాల్లో మింట్‌కు 8 జీబీ డ్రైవ్ చాలు, ఉబుంటుకు 16 జీబీ ఉంటే బెంగ ఉండదు. యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా వేరే పోర్టులోనూ పెట్టి చూడండి. బీచ్‌కి దగ్గర ఇళ్లలో ఉప్పుగాలికి పోర్టులు తుప్పు పట్టడం కొత్తేం కాదు.

పేరు ఉండి, ఎంచుకుంటే సెక్యూర్ బూట్ ఎర్రర్ వస్తోందా? ఉబుంటు, ఫెడోరా అనే లినక్స్ రకాలకు ఆ సంతకం ఉంటుంది కాబట్టి మామూలుగా దాన్ని ఆపక్కర్లేదు. ఐఎస్‌ఓ మళ్లీ డౌన్‌లోడ్ చేసి చూడండి. ఆర్చ్ లినక్స్‌కైతే సెక్యూర్ బూట్ ఆపాల్సిందే.

మొదలై నల్లతెర దగ్గర ఆగితే అది గ్రాఫిక్స్ గొడవ, ఎన్విడియా కార్డులతో ఎక్కువ. ఉబుంటు మెనూలో ‘సేఫ్ గ్రాఫిక్స్’, మింట్‌లో ‘కంపాటిబిలిటీ మోడ్’ ఎంచుకోండి.

ఇన్‌స్టాలర్‌కు ఎస్‌ఎస్‌డీ కనిపించకపోతే బయోస్‌లో ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ లేదా వీఎండీ (ఎస్‌ఎస్‌డీని నడిపే ఇంటెల్ పద్ధతులు) ఆన్‌లో ఉండొచ్చు. ఆర్‌ఎస్‌టీ అయితే మామూలు ఏహెచ్‌సీఐ పద్ధతికి మార్చండి, వీఎండీ అయితే ఆపండి. విండోస్ కూడా ఉంచుకోవాలంటే, మార్చేముందే అది సేఫ్ మోడ్‌లో తెరుచుకునేలా సెట్ చేయాలి. లేకపోతే బ్లూ స్క్రీన్ వస్తుంది.

ఇన్‌స్టాల్ నొక్కేముందు ‘ట్రై’ మోడ్‌లో (ఇన్‌స్టాల్ చేయకుండా వాడి చూసేది) వైఫై, సౌండ్ పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి. పని అయ్యేదాకా చార్జర్ తీయకండి.