దోస్త్‌లో బీఏ పెట్టే ముందు

"బీఏనా? ఇంకేం దొరకలేదా?" అని మా ఊళ్లో అడగని మనిషి లేడు. ఇంటర్ అయిపోయిన పిల్లలు ఈ మాటకే జడిసి, తెలంగాణలో డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకునే దోస్త్‌లో ఇష్టం లేకున్నా బీకాం కంప్యూటర్స్ నొక్కేస్తున్నారు. లిబరల్ ఆర్ట్స్, అదే ఆర్ట్స్, సైన్స్ అని గీత గీయకుండా రకరకాల సబ్జెక్టులు కలిపి చదివే చదువు, లక్షల ఫీజు కట్టే యూనివర్సిటీలోనే దొరుకుతుందనే భ్రమ ఇంకోటి. నల్గొండ, మహబూబ్‌నగర్ సర్కారు కాలేజీల్లో కూడా దాన్ని చాలావరకు చదువుకోవచ్చు, కాకపోతే మూడు సబ్జెక్టులు ఎవరో చెప్పారని కాకుండా మీరే ఆలోచించి పెట్టుకోవాలి.

ముందు మిమ్మల్ని తొలిచే ప్రశ్న ఒకటి పట్టుకోండి. నాది ఫ్లోరైడ్. మర్రిగూడ వైపు చుట్టాలింటికి పోయినప్పుడల్లా వంగిపోయిన కాళ్లు, గార పట్టినట్టుండే పళ్లు చూస్తూ పెరిగాను. రాళ్లలోంచి ఫ్లోరైడ్ బోరు నీళ్లలోకి ఎట్లా దిగుతుందో చెప్పేది జియాలజీ. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి దాన్ని తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది, దాని పేరే నల్గొండ టెక్నిక్, అది కెమిస్ట్రీ. మరి విరుగుడు తెలిశాక కూడా జనం అవే నీళ్లు ఎందుకు తాగారు? 1996 లోక్‌సభ ఎన్నికల్లో నీళ్ల గోడు వినిపించడానికి నల్గొండలో 480 మంది పోటీకి దిగి, బ్యాలెట్ పేపరును పుస్తకమంత ఎందుకు చేశారు? ఇక్కడికొచ్చేసరికి పొలిటికల్ సైన్స్, ఎకనామిక్స్ లేకుండా అడుగు పడదు. అట్లా ఒక్క ప్రశ్న నాలుగు క్లాసుల్లోకి తిప్పితే అదే లిబరల్ ఆర్ట్స్, పేరు ఏదైనా.

పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, పిల్లలకైతే వలస ఉంది. మట్టిపనికి మేస్త్రీ వెంట బొంబాయి పోయినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. హిస్టరీ, ఎకనామిక్స్‌తో పాటు మోడర్న్ లాంగ్వేజ్ తెలుగు పెట్టుకుంటే వలస పాటలు కూడా మీ చదువులోకి వస్తాయి. హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ కలిపిన హెచ్‌ఈపీని గ్రూప్స్ కోసం అందరూ పెడతారు. తప్పేం లేదు, కానీ అదొక్కటే దారి అనుకోకండి. ఆర్ట్స్‌తో సైన్స్ సబ్జెక్టు కలుపుకునే వీలు మీరు పెట్టే కాలేజీలో ఉందో లేదో అడగండి.

కాలేజీ సంగతి. నిజాం కాలేజీలాంటివి యూనివర్సిటీ కాలేజీలు, ఉస్మానియానే నేరుగా నడుపుతుంది. నల్గొండ నాగార్జున ప్రభుత్వ కాలేజీ, మహబూబ్‌నగర్ ఎంవీఎస్ అట్లా కాదు, మహాత్మాగాంధీ, పాలమూరు యూనివర్సిటీలకు అనుబంధంగా ఉన్న అటానమస్ కాలేజీలు, అంటే సిలబస్, పరీక్షలు సొంతంగా చూసుకునేవి. బోర్డు మీద పేరు కన్నా ముఖ్యమైనది ఆ సబ్జెక్టుకు లెక్చరర్ ఉన్నాడా లేడా అన్నది. నేను చేరిన ప్రైవేటు కాలేజీలో ఒక సెమిస్టర్ అంతా పొలిటికల్ సైన్స్ చెప్పే దిక్కు లేదు, గైడు చదివి పాసయ్యాం, సిగ్గుపడే సంగతే. అందుకే ఆప్షన్లు పెట్టే ముందు ఒక రోజు బస్సెక్కి పోయి సెకండియర్ పిల్లల్ని అడగండి: క్లాసులు జరుగుతున్నాయా, మీడియం ఏది, లైబ్రరీలో పుస్తకం ఇంటికిస్తారా? ప్రిన్సిపాల్‌ని అడిగితే అన్నీ బాగున్నాయనే చెబుతారు.

ఇక వెబ్ ఆప్షన్లు, అంటే ఏ కాలేజీ, ఏ కోర్సు కావాలో దోస్త్‌లో మీరిచ్చే వరుస. సీటు మార్కులు, రిజర్వేషన్, మీరిచ్చిన వరుస చూసి వస్తుంది కాబట్టి, రాదేమో అని భయపడి ఇష్టమైన కాలేజీని కిందకు తోయకండి, పైనే పెట్టండి. సీటు వచ్చాక గడువులోపు సెల్ఫ్ రిపోర్టింగ్, అంటే సీటు తీసుకుంటున్నానని ఆన్‌లైన్‌లో చెప్పడం, చేయకపోతే అది పోతుంది. చేశాక తర్వాతి విడతలో మళ్లీ ఆప్షన్లు ఇచ్చుకోవచ్చు, కానీ కొత్తది వస్తే పాతది చేజారినట్టే, కాబట్టి అప్పుడు పాతదానికంటే నిజంగా మేలనుకున్నవే పెట్టండి.

నెట్ సెంటర్ అన్నకు అప్పజెప్పి ఇంటికొచ్చేయకండి, ఆయన వరుస ఆయనకుంటుంది. పక్కనే కూర్చుని కోర్సు పేరు, మీడియం చదివి, అప్పుడు సేవ్ కొట్టించండి. ఓటీపీ ఆధార్‌కు లింకైన నంబరుకే వస్తుంది, ఆ సిమ్ ఎప్పుడో పోయి ఉంటే ఆధార్ సెంటర్‌కు ఈ వారమే పోయి రండి.