డెబియన్ ప్యాకేజీకి ఒక్క లైను వివరణ

డెబియన్ అనే లినక్స్ సిస్టమ్‌లో సాఫ్ట్‌వేర్‌ని వెతికి ఇన్‌స్టాల్ చేసే యాప్ట్‌లో వెతికితే, కొన్నిసార్లు ప్యాకేజీ పేరు పక్కన వివరణగా మళ్లీ అదే పేరు కనిపిస్తుంది, అదేం చేస్తుందో మాత్రం తెలీదు.

ప్యాకేజీ వివరాలుండే కంట్రోల్ ఫైలులో డిస్క్రిప్షన్ (వివరణ) మొదటి లైను రాశాక, దాని ముందు ప్యాకేజీ పేరూ ‘ఈజ్ ఎ’ అనీ చేర్చి చదవండి. వాక్యం అతికితే సరిపోయినట్టే. 80 అక్షరాల లోపు ఉండాలి. మొదట్లో ‘ఎ’, ‘ది’ వద్దు, చివర చుక్క వద్దు.

కింద వివరణలో ప్రతి లైనూ ఒక స్పేసుతో మొదలుపెట్టండి. జాబితాలకైతే రెండు, లేకపోతే లైన్లన్నీ ఒకే పేరాగా కలిసిపోతాయి. పేరాల మధ్య స్పేసు, చుక్క ఉన్న లైను పెట్టాలి. ఉత్త ఖాళీ లైను వదిలారో, ప్యాకేజీ వివరం అక్కడితో అయిపోయిందని లెక్క; మిగతాది చదవలేక బిల్డ్ (ప్యాకేజీ తయారీ) ఆగిపోతుంది.

తర్వాత ప్యాకేజీలో తప్పులు వెతికే లింటియన్ అనే టూల్ నడపండి. పొగడ్తల్నీ పాతబడ్డ సమాచారాన్నీ అది పట్టుకోలేదు, అవి మీరే చదివి తీసేయాలి. ‘ఈజ్ ఎ’ పరీక్ష ఇంగ్లిష్ వివరణకే, తెలుగు అనువాదానికి పనికిరాదు.