ఎదిగే పిల్లల నవలల్లో మంచితనాన్ని ఎలా పట్టుకోవాలంటే

మా శ్రీకాకుళంలో ఇంటర్ గుంటల చేత నవల చదివించేటప్పుడు నేను చేయించేది ఇదే. మొదటిసారి కథ కోసం ఆగకుండా చదివేయండి, రెండోసారి పెన్సిల్ పట్టుకోండి. ఎవరైనా అడక్కుండా చేసిన చిన్న సాయం కనబడితే అక్కడో గీత, దాని విలువ ఆ పిల్లకో పిల్లాడికో తెలిసొచ్చిన పేజీలో ఇంకో గీత. ఆ రెండిటి మధ్యే వాళ్ళు ఎదుగుతారు.

1960లో వచ్చిన హార్పర్ లీ ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ తీసుకోండి, చెట్టు తొర్రలో పిల్లల కోసం బహుమతులు ఉంటాయి, చిరిగిన ప్యాంటు కుట్టి మడతపెట్టి కంచె మీద ఉంటుంది, ఎదురిల్లు కాలిపోతున్న రాత్రి చలిలో నిలబడ్డ స్కౌట్ (కథ చెప్పే చిన్నపిల్ల) భుజాల మీదకి దుప్పటి ఎప్పుడొచ్చిందో ఆ పిల్లకే తెలీదు, వాళ్ళ నాన్న చెప్తేగానీ! నాకైతే ఆ దుప్పటి దగ్గర ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

డైలాగుల్లో వెతక్కండి, చేతులు ఏం చేస్తున్నాయో చూడండి.

నవల పెద్దదనిపిస్తే ముందు కథలతో మొదలెట్టండి, కారా మాస్టారు (కథల రచయిత కాళీపట్నం రామారావు) 1997లో పెట్టిన తెలుగు కథల లైబ్రరీ కథానిలయం మన ఊళ్ళోనే ఉంది కదా, పెన్సిల్ గీతలు మాత్రం మీ సొంత పుస్తకాల్లోనే.