నాట్లకు ముందు: ఎలుకకో జాగ్రత్త, దాని జ్వరానికో జాగ్రత్త

పొలం ఎలుక కంటికి కనిపిస్తుంది, గట్టు తవ్వుతుంది, పిలకలు కొరుకుతుంది. దాని మూత్రపిండాల్లో కాపురముండే లెప్టోస్పైరా బ్యాక్టీరియా మాత్రం మైక్రాన్‌లో పదోవంతు మందం (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు). మెలికలు తిరిగిన సన్నని పోగు, కొనలు వంకీ తిరిగి ఉంటాయి. ఎలుకకు దానివల్ల పెద్దగా జబ్బు చేయదు, మూత్రంతో మడిలోకి వదులుతూనే ఉంటుంది. మడిలో దిగిన మనిషికి అదే ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్) తెస్తుంది.

మందు పెట్టి ఎలుకను చంపినా, నీళ్లలో పడిన బ్యాక్టీరియా చావదు. తడినేలలో వారాల తరబడి బతుకుతుంది. ఎండ సంగతి దీనికి తిరగేసి: ఎలుకను ఏమీ చేయదు, మట్టి బాగా ఆరితే బ్యాక్టీరియా నిలవదు. అందుకే రెండు పనులూ విడివిడిగా చేయాలి.

ముందు ఎలుక. సాయంత్రం గట్ల మీద బొరియలన్నీ మట్టితో మూసేయండి. మర్నాడు తెరుచుకున్నవే ఎలుకలున్నవి. నూకలు 96 పాళ్లు, వంటనూనె 2, బ్రోమాడయోలోన్ 0.25 శాతం పొడి 2 పాళ్లు కర్రతో కలిపి, 10 గ్రాముల పొట్లాలు కట్టి ఒక్కో బొరియలో ఒకటి లోపలికి పెట్టండి. ఇది రక్తం గడ్డకట్టనివ్వని మందు, చావడానికి కొన్ని రోజులు పడుతుంది; మర్నాడే ఫలితం లేదని మళ్లీ మళ్లీ పెట్టకండి. పిల్లలకు, పశువులకు అందకూడదు. చచ్చినవాటిని చేతి తొడుగులతో తీసి లోతుగా పూడ్చాలి.

ఇక బ్యాక్టీరియా. పగిలిన మడమ, గోటి పక్క చీలిక, కొడవలి గాటు, కళ్లు, నోరు దాని దారులు. నాటు వేసేవాళ్లకు బురదలో బూట్లు కుదరవు, కాబట్టి గాట్లకు నీరు పట్టని ప్లాస్టర్ వేసి దిగండి. మడి నీళ్లతో ముఖం కడగొద్దు. గట్టెక్కగానే సబ్బు, బోరు నీళ్లతో కాళ్లుచేతులు కడిగాకే అన్నం ముట్టాలి. డాక్సీసైక్లిన్ ముందుజాగ్రత్తగా వాడే మందే గానీ డాక్టరు చెబితేనే. గర్భిణులు, చిన్నపిల్లలు సొంతంగా వేసుకోకూడదు.

బురదలో దిగాక ఒకటి రెండు వారాల్లో, కొందరికి నెల లోపు, హఠాత్తుగా జ్వరం, తలనొప్పి, పుసి లేకుండా కళ్లెర్రబడటం, పిక్క నొక్కితే ఓర్చుకోలేని నొప్పి వస్తే ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. పచ్చకామెర్లు, మూత్రం తగ్గడం, దగ్గులో రక్తం కనిపిస్తే అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వేసుకుంటే కిడ్నీలకు మరింత దెబ్బ. డాక్టరుకు మొదటి మాటగా మడిలో దిగిన సంగతే చెప్పండి. మొదటి వారంలో యాంటీబాడీ (బ్యాక్టీరియాను ఎదుర్కోవడానికి ఒంట్లో పుట్టే రక్షక పదార్థం) పరీక్ష నెగెటివ్ రావచ్చు, దాన్ని చూసి మందులు ఆపేయొద్దు.